ఎడమచేతి గుప్పిట

జూన్ 4

అక్క పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఈ నోటుబుక్కు తనదే. బీరువా అడుగు అరలో ఇలాంటివి పద్నాలుగు దొరికాయి. పన్నెండు నిండిపోయాయి, ఒకటి సగంలో ఆగింది, ఇదొక్కటే ఖాళీ. మిగతావి తెరవలేదు.

అక్క దగ్గర నేర్చుకుంటామని ఎవరొచ్చినా నెలరోజులపాటు ఒక్క ఆసనం కూడా వేయనిచ్చేది కాదు. ముందు ఒక నోటుబుక్కు కొనుక్కోమనేది. ఆ రోజు ఆడిన అబద్ధాలన్నీ సాయంత్రం అందులో రాసుకోవాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. "ఒళ్ళు తర్వాత వంచుదురుగాని, ముందు నాలుక సంగతి చూసుకోండి" అనేది. అహింస, సత్యం లాంటి యమం లేకుండా ఆసనం నేర్పితే అది కసరత్తే అవుతుందని తన గురువుగారు చెప్పారట. సగంమంది వారం తిరక్కుండానే వీధి చివరి జిమ్ములో తేలేవాళ్ళు.

నన్ను నలభై ఏళ్ళుగా రాయమంటూనే ఉంది. "నా అబద్ధాలకి నోటుబుక్కులేం సరిపోతాయక్కా, కాగితం మిల్లు పెట్టాలి" అని తప్పించుకునేదాన్ని.

ఇవాళ మొదలుపెట్టాను. అబద్ధం ఒకటి. పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేసి "తిన్నారా?" అంటే తిన్నానన్నాను.

జూన్ 5

అబద్ధాలు లేవు. మాట్లాడడానికి ఎవరూ రాలేదు.

జూన్ 8

పొద్దున్నే అక్క దగ్గర నేర్చుకునే పళ్ళ డాక్టరమ్మా, బస్సు డ్రైవరూ నా కుట్టుషాపుకొచ్చారు. ఏవో బట్టలు తెచ్చారనుకున్నాను. మేడమీద హాలు మళ్ళీ తెరవమని అడగడానికొచ్చారు.

"అమ్మగారు లేకపోతే ఏంటి, చిన్నమ్మగారూ, మీరున్నారుగా" అన్నాడు డ్రైవరు.

"ప్యాంటు నడుం అయితే తగ్గిస్తాను బాబూ. నీ నడుంనొప్పి నేనేం తగ్గించను?"

"మీరు ముందు కూర్చోండి చాలు. మేమే చేసుకుంటాం."

నేను గురువునా? కుట్టుమిషను దగ్గర కూర్చునేదాన్ని. అక్క రోజూ పొద్దున్నే దుప్పటి లాగేసి పైకి తీసుకెళ్ళేది కాబట్టి చేశాను. అన్నీ వచ్చు, దేనిమీదా భక్తి లేదు. అక్కేమో ఎవరైనా "యోగా" అంటే "యోగం అనండి" అని దిద్దేది. కలపడం అని అర్థమట. దేన్ని దేంతో కలపాలో జీవితమంతా చెప్పింది. నాకు గుడ్డముక్కలు కలపడం మాత్రం వచ్చింది.

సరేనన్నాను. ఆరింటికి నిద్రలేచి ఏం చేయాలో తోచడం లేదు కనక సరేనన్నాను.

జూన్ 10

ఆరుగురు వచ్చారు. అక్క చాప మీద కూర్చోలేదు, పక్కన నా చాప మీదే కూర్చున్నాను. ఓంకారం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. డ్రైవరు అందుకున్నాడు. రోజంతా హారన్ కొట్టే మనిషి, దమ్ము బాగానే ఉంది.

నాడీశోధన ప్రాణాయామం అయింది. ఆసనాలు అయ్యాయి. ఏడు కావడానికి పది నిమిషాలుందనగా "ఇంక చాలు, మీకు ఆలస్యమవుతుంది" అని లేచాను. శవాసనం వేయించలేదు. డ్రైవరు గోడగడియారం వంక చూశాడు.

అది అబద్ధం కిందికి రాదు. డాక్టరమ్మకి నిజంగానే పనుంటుంది.

జూన్ 14, ఆదివారం

అక్క కూతురు వచ్చింది. ఊరికి ఆ చివర గది అద్దెకు తీసుకుని ఉంటోంది, కళ్ళద్దాల షాపులో పని. బావ దాని చిన్నప్పుడే పోయాడు. నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. దానికి నేను, నాకు అది, అంతే మిగిలాం. ఆదివారాలు వచ్చేది అమ్మ కోసం, ఇప్పుడు నా కోసం వస్తోంది. ఇద్దరికీ సరిపడా తనే వండుకొస్తుంది. నా వంట మీద దాని అభిప్రాయం ఎప్పుడూ మారలేదు.

తినేటప్పుడు అంది: "పిన్నీ, నువ్వు పక్కనే ఉన్నావు చూడు, అదొక్కటే నాకు ఊరట. చూసిన వెంటనే ఫోన్ చేశావు. నేనయితే కాళ్ళూ చేతులూ ఆడక అక్కడే కూలబడేదాన్ని."

"తిను, చల్లారిపోతోంది" అన్నాను.

దాని కంచంలో ఇంకాస్త వడ్డించాను. అయినా నేనేమీ అనలేదు కదా. ఇవాళ అబద్ధాలు లేవు.

జూన్ 17

ఇవాళ కూడా పది నిమిషాల ముందే ఆపేశాను. కింద షాపులో ఎవరో పిలుస్తున్నారని చెప్పాను. ఎవరూ పిలవలేదు. ఒకటి.

జూన్ 19

అందరూ వెళ్ళాక డ్రైవరు చాప చుడుతూ నిలబడ్డాడు.

"చిన్నమ్మగారూ, కోప్పడకండి. రోజంతా స్టీరింగు పట్టుకుని కూర్చుంటాను. ఆ శవాసనం పది నిమిషాలే నాకు కావాల్సింది. మిగతావన్నీ దానికోసమే చేస్తాను."

"ఇంటికెళ్ళి మంచం మీద వేసుకో! దానికి నేనెందుకు?" అని ఒంటికాలి మీద లేచాను. అతను తలొంచుకుని మెట్లు దిగాడు. పాపం, ఏమన్నాడని?

అక్క కూడా ఇదే అనేది. మిగతా ఆసనాలన్నీ ఒంటిని పట్టుకోవడానికి, ఇదొక్కటే వదలడానికి అనేది. రోజూ కాసేపు చచ్చిపోవడం అలవాటు చేసుకుంటే, నిజంగా ఆ రోజొచ్చినప్పుడు కంగారుండదట. అరచేతులు పైకి తెరిచి, కళ్ళు మూసుకుని పడుకుంటే ఒళ్ళు నువ్వు కాదని తెలుస్తుందట, తర్వాత ఊపిరీ నువ్వు కాదని తెలుస్తుందట. "మరి నేనెవరు?" అంటే, "ఇదంతా పక్కన కూర్చుని చూస్తోందే, అది నువ్వు" అనేది.

శవాసనంలో ఉన్నవాళ్ళని తాకకూడదు, పిలవకూడదు. గంట కూడా కొట్టేది కాదు. ఎవరికి వాళ్ళే లేవాలి. అది హాల్లో నియమం.

జూన్ 21, ఆదివారం

అమ్మాయి నోటుబుక్కు కొనుక్కొచ్చింది. నీలం అట్ట.

"నాకు నేర్పు పిన్నీ. మొదట్నించీ."

"ఇన్నాళ్ళూ మీ అమ్మ మొత్తుకుంటే రాలేదు, ఇప్పుడేంటి?"

"అందుకే. ఊళ్ళోవాళ్ళందరికీ గురువు, ఇంటికొచ్చి నాక్కూడా గురువేంటని చిన్నప్పుడు అలిగాను. ఆ అలక అలాగే ఉండిపోయింది."

అలగడం మా ఇంట్లో అందరికీ ఉంది. అదొక్కటి నేర్పక్కర్లేకుండానే వస్తుంది.

"సరే, వజ్రాసనంలో కూర్చో" అన్నాను.

"అదేం కుదరదు. అమ్మ పద్ధతిలోనే. నెలరోజులు నిజం, తర్వాతే ఆసనం." అని నా వంక చూసింది. "నువ్వు కూడా రాస్తున్నావా?"

"రాస్తున్నాను."

"చాలా ఉంటాయా?"

"ఒక్కటే ఉంది" అన్నాను.

అది పగలబడి నవ్వింది. "నీకా! ఒక్కటా!" అంది. దాని నవ్వు అచ్చం అక్క నవ్వే. చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూన్ 22

ఆ రోజు సంగతి రాస్తాను. ఎవరూ చదవరు.

శనివారం. క్లాసు సెలవు. అక్కా నేనూ ఇద్దరమే పైకెళ్ళాం. ఎప్పటిలాగే అన్నీ చేశాం. పశ్చిమోత్తానాసనంలో అక్క రోజూ కంటే ముందే లేచింది, అంతే తేడా. ఆరూ నలభైకి శవాసనంలో పడుకుంది. నాకు పడుకునే ఓపిక ఎప్పుడూ ఉండదు. పక్కన కూర్చుని ఒక చొక్కాకి కాజాలు కుట్టుకుంటున్నాను. ఏడయింది. లేవలేదు. కింద ఒకాయన ప్యాంటు కోసం వచ్చాడు. వెళ్ళి ఇచ్చాను. బొత్తాం వదులుగా ఉందంటే మళ్ళీ కుట్టిచ్చాను. పైకొస్తే అలాగే ఉంది. ఇవాళ బాగా కుదిరినట్టుందే అనుకున్నాను. ఏడున్నరకి పిలిచాను. తర్వాత చెయ్యి పట్టుకున్నాను.

యాభై నిమిషాలు.

ఆసుపత్రిలో డాక్టరు గుండెపోటన్నాడు, "ఎంతసేపయింది?" అని అడిగాడు. "ఇప్పుడే, పడుకున్న రెండు నిమిషాలకే చూశాను" అన్నాను. అమ్మాయి అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది, ఆ మాట విన్నది. ముందే తెస్తే బతికేదా అని నేను డాక్టర్ని అడగలేదు. అడిగితే లెక్క చెప్పాల్సి వచ్చేది.

నియమం ప్రకారం పిలవలేదు. ఆ నియమం పెట్టింది అక్కే. నా తప్పేముంది?

జూన్ 23

నా తప్పేముంది.

జూన్ 25

మొన్న రాసింది మళ్ళీ చదివాను. నియమమట! నలభై ఏళ్ళలో ఆ నియమం నేను ఒక్కరోజైనా పాటించానా? అక్క పడుకున్న ఐదో నిమిషానికి ఏదో ఒకటి అడిగేదాన్ని. "అక్కా, కత్తెర చూశావా?" "అక్కా, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చావా?" "అక్కా, నిద్రపోయావా ఏంటి?" తను కళ్ళు తెరవకుండానే "చచ్చిపోయానే, అడక్కు" అనేది. తర్వాత లేచేది.

ముందురోజు సాయంత్రం పోట్లాడుకున్నాం. నా శవాసనం ఒక్కసారైనా పూర్తి కానివ్వలేదు నువ్వు, నోటికి తాళం వేసుకోవడం చేతకాదా అంది. చెవిలో జోరీగవి అంది. ఇలాంటివి వందసార్లు అనుంటుంది. ఆ రోజు ఎందుకో నాకు రోషం వచ్చింది. అన్నం తినకుండా పడుకున్నాను. ఇక జన్మలో పిలవను, చూద్దాం అనుకున్నాను.

అంటే నేను ఊరుకున్నది నియమం కోసం కాదు. అలిగి ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. అది రాయకపోతే ఈ నోటుబుక్కు ఎందుకు, పొయ్యిలో పెట్టొచ్చు.

కింద నుంచి పైకొచ్చినప్పుడు అక్క ఎడమచెయ్యి చూశాను. అరచెయ్యి తెరిచి లేదు. గుప్పిట బిగించి ఉంది. శవాసనంలో గుప్పిట బిగిస్తే అక్క ఎవర్నీ ఊరుకునేది కాదు, ఏం దాచుకున్నావు అందులో అని క్లాసయ్యాక అందరి ముందూ అడిగేది. అలాంటిది తన గుప్పిటే బిగుసుకుంది. నాకు సంతోషమేసింది. దొరికావులే, లేచాక చెప్తా నీ పని అనుకున్నాను. ఏమని ఏడిపించాలో మాటలు కూడా వెతుక్కున్నాను. అలా ఎదురుచూస్తూ ఇంకో రెండు కాజాలు కుట్టాను.

ఇదంతా పక్కన కూర్చుని చూస్తోందే, అది నువ్వు అనేది అక్క. నిజమే. చూస్తూ కూర్చున్నాను.

జూన్ 26

ఒంట్లో బాగాలేదని క్లాసు మానేశాను. ఒంట్లో బాగానే ఉంది. ఒకటి.

జూన్ 28, ఆదివారం

చెప్పేశాను.

చెప్పాలని అనుకోలేదు. నిజం ముందా, ఒకరిని నొప్పించకుండా ఉండడం ముందా అని అక్కని ఎవరో అడిగారు ఒకసారి. సత్యం కంటే ముందు అహింస వస్తుంది, వరస అదే అని చెప్పింది. ఆ మాట పట్టుకుని వారమంతా ఊగాను. పిల్ల మనసు విరగ్గొట్టడం దేనికి, ఊరటగా ఉందంటోంది కదా, ఉండనీ అనుకున్నాను. పిల్ల కోసమే అనుకున్నాను. అది నన్ను వదిలి వెళ్ళిపోతుందని భయం, ఇంకేం లేదు.

అమ్మాయి వచ్చి నీలం అట్ట నోటుబుక్కు తెరిచింది. చూపించక్కర్లేదని చెప్పినా వినకుండా చదివింది. "సోమవారం. షాపులో ఒకావిడకి ఆ ఫ్రేము బాగుందని చెప్పాను. అస్సలు బాగాలేదు. బుధవారం. తలనొప్పని చెప్పి ముందే వెళ్ళిపోయాను. నిజానికి అమ్మ గుర్తొచ్చింది." చదివి నా వంక చూసి, "ఇంక నీ ఒక్కటీ చెప్పు పిన్నీ" అంది, నవ్వుతూనే.

చెప్పాను. యాభై నిమిషాలు చెప్పాను. కాజాలు చెప్పాను. బొత్తాం చెప్పాను. అలక చెప్పాను. గుప్పిట కూడా చెప్పాను.

అది నీలం అట్ట నోటుబుక్కు మూసింది. తర్వాత అడిగింది.

"గుప్పిట చూశావా?"

"చూశాను."

"చూసి?"

"మీ అమ్మ తప్పు దొరికిందని..."

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పులు సరిగా తొడుక్కోలేదు. టిఫిన్ బాక్సు ఇక్కడే ఉంది.

జూన్ 29

ఫోన్ లేదు.

జూన్ 30

చేశాను. ఎత్తలేదు.

అబద్ధాలు లేవు. ఈ పుస్తకం మొదలుపెట్టాక మొదటిసారి నిజంగా లేవు. ఏం లాభం? నిజం చెబితే మనసు తేలికవుతుందని అక్క చెప్పేది. కాలేదక్కా. ఇల్లు ఖాళీ అయింది, అంతే.

జూలై 3

క్లాసులో అందరికీ చెప్పాను. అంతా కాదు. "శవాసనం వేయించాలంటే నాకు భయం. అందుకే రోజూ ముందే ఆపేస్తున్నాను. ఆలస్యమవుతుందన్నదీ, కింద పిలుస్తున్నారన్నదీ అబద్ధం" అన్నాను. డ్రైవరుకి విడిగా, "ఆ రోజు నీమీద అరిచాను, ఏమనుకోకు" అన్నాను.

"అయ్యో, మా పాసింజర్ల ముందు మీదేం అరుపు చిన్నమ్మగారూ" అన్నాడు. తర్వాత "పడుకోవద్దులెండి, ఊరికే కూర్చుందాం" అన్నాడు.

ఏడయ్యేదాకా అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను మాత్రం తెరిచే ఉంచాను. ఆరుగురి ఛాతీలూ కదులుతున్నాయా లేదా అని ఒక్కొక్కరినే చూసుకుంటూ కూర్చున్నాను. డాక్టరమ్మ వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

జూలై 5, ఆదివారం

రాలేదు. టిఫిన్ బాక్సు తోమిందే మళ్ళీ తోమాను.

మధ్యాహ్నం ఏం చేయాలో తెలియక అక్క నోటుబుక్కు తీశాను, సగంలో ఆగినది. ఎవరికీ చూపించక్కర్లేదని పెట్టిన పుస్తకం తెరవడం తప్పే. నా తప్పుల్లో ఇదే చిన్నది.

అన్నీ చిల్లర అబద్ధాలు. ఫోన్ చేసినవాళ్ళతో ఇంట్లో లేనన్నాను. పక్కింటావిడ చీర బాగుందన్నాను. నలభై ఏళ్ళు నిజం సాధన చేసిన మనిషికి రోజుకొకటైనా దొరికేదంటే నవ్వొచ్చింది. చివరి పేజీ మే 8. మేం పోట్లాడుకున్న రోజు. నాలుగే వాక్యాలున్నాయి:

"చెల్లెలు నా శవాసనం చెడగొడుతోందని అన్నాను. అబద్ధం. అది పిలిస్తే గాని నాకు లేవబుద్ధి కాదు. ఆ మాట చెబితే నెత్తికెక్కి కూర్చుంటుందని చెప్పలేదు."

బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. పోయిన రోజు ఏడవలేదు, మర్నాడు కూడా ఏడవలేదు. వచ్చిన వాళ్ళంతా ఎంత ధైర్యమో అన్నారు. ఇవాళ ఏడ్చాను. అక్కా, నువ్వు చెప్పుండాల్సింది. నేను నెత్తికెక్కేదాన్నే. ఎక్కి రోజూ పిలిచేదాన్ని.

జూలై 7

ఆ పేజీ గురించి అమ్మాయికి చెప్పాలా? చెబితే నన్ను నేనే వెనకేసుకొచ్చినట్టుంటుంది. చెప్పకపోతే దాచినట్టుంటుంది. దాని తల్లి రాసింది, చదివే హక్కు దానికే ఉంది. నోటుబుక్కు కవర్లో పెట్టి కళ్ళద్దాల షాపుకెళ్ళాను. అది లోపల ఎవరికో కళ్ళు పరీక్ష చేయిస్తోంది. కౌంటర్లో ఇచ్చి వచ్చేశాను. చీటీ ఏమీ పెట్టలేదు.

జూలై 8

లేదు.

జూలై 10

లేదు. రెండు జిప్పులు, ఒక చొక్కా కాలరు. చొక్కాకి కాజాలున్నాయని తిప్పి పంపేశాను. ఈమధ్య కాజాలు కుట్టడం లేదు.

జూలై 12, ఆదివారం

ఆరింటికి హాలు తలుపు తీసేసరికి అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. చంకలో కొత్త చాప. మొహం పీక్కుపోయింది. నన్ను చూసి లేచింది. లోపలికి వచ్చి చివరి వరసలో చాప పరుచుకుంది. నెల పూర్తి కాలేదు, ఆసనాలు ఇంకా పనికిరావని చెప్పే ధైర్యం నాకెక్కడిది?

ఒళ్ళు కర్రలా ఉంది దానిది. భుజంగాసనంలో మోచేతులు వణికాయి. వెళ్ళి భుజాలు సర్దాను, తాకనిచ్చింది. ఏడింటికి పది నిమిషాలుందనగా అందరూ అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అది కూర్చోలేదు. వెల్లకిలా పడుకుంది. కాళ్ళు వదులుగా పెట్టింది. అరచేతులు రెండూ పైకి తెరిచింది.

లేపేద్దామనుకున్నాను.

"పిన్నీ" అంది కళ్ళు మూసుకునే. "క్షమించానని కాదు. ఆదివారం ఎక్కడికెళ్ళాలో తెలీలేదు."

"సరే."

"పది నిమిషాలకి పిలు."

దాని చాప పక్కన కూర్చున్నాను. గడియారం చూశాను, చేతులు చూశాను, మళ్ళీ గడియారం చూశాను. దాని కడుపు లేస్తోంది, దిగుతోంది. నాలుగో నిమిషానికి నావల్ల కాలేదు. కాలి బొటనవేలు పట్టుకున్నాను. అది కదల్లేదు, వెనక్కి లాక్కోలేదు. హాల్లో ఎవరూ కళ్ళు తెరవలేదు. అక్క చాప ఎదురుగా ఖాళీగా ఉంది. తాకకూడదన్న నలభై ఏళ్ళ నియమం నా చేతిలో తప్పింది. వేలు వెచ్చగా ఉంది.

పది నిమిషాలు కాలేదు, ఏడే అయ్యాయి. పిలిచాను.

"అమ్మాయీ."

పలకలేదు.

"అమ్మాయీ!" ఈసారి గట్టిగానే అరిచాను. డ్రైవరు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఉన్నాను పిన్నీ" అంది అది. "ఇంకో మూడు నిమిషాలుంది. మళ్ళీ పిలు."

మళ్ళీ పిలిచాను.